చూపు లేనివారు ఒంటరిగా ఎస్కలేటర్ ఎలా ఎక్కుతారు?

తెల్లకర్ర, చేయి, పాదం ఇచ్చే సమాచారంతో ఎక్కుతారు. సాధన ఉంటే ఇది మామూలు పనే.

యంత్రం హోరు వినిపించే వైపు నెమ్మదిగా నడుస్తుంటే ఒకచోట కర్ర కొన గచ్చు దాటి లోహపు పలకను తాకుతుంది. చప్పుడు మారుతుంది, పాదానికి గరుకు తెలుస్తుంది. అక్కడే ఆగి, పక్కనున్న చేతిపట్టీ మీద అరచేయి ఆనించాలి. పట్టీ మన నుంచి ముందుకు జారుతుంటే సరైన మెట్లే. మన వైపు వస్తుంటే అవి ఎదురు మెట్లు, వెనక్కి తగ్గాలి. అన్నిటికంటే ముఖ్యమైన పరీక్ష ఇదే. వెనకవాళ్లు ఎంత తొందరపెట్టినా దీన్ని వదలకండి.

పట్టీ పట్టుకునే అడుగు వేయాలి. మెట్లు విడివడేటప్పుడు పాదం రెండింటి మధ్య పడిందనిపిస్తే వెంటనే సర్దుకోవాలి. ఆ తర్వాత కర్ర కొనను ముందు మెట్టు మీద ఉంచి కదలకుండా నిలబడాలి. చివర దగ్గరపడగానే పట్టీ వాలు తగ్గి సమతలమవుతుంది, మెట్లూ చదునవుతాయి. కర్ర అవతలి పలకకు తగలగానే కాలివేళ్లు కాస్త పైకెత్తి దిగి, ఆగకుండా రెండు మూడడుగులు ముందుకు వెళ్లాలి. చీర కుచ్చిళ్లు, చున్నీ ముందే సర్దుకోవాలి.

మార్గదర్శక కుక్క ఉన్నవారికి లిఫ్టే మేలు; మెట్లు ముగిసేచోట పలక అంచుకు దువ్వెన పళ్లలా ఉండే సందుల్లో దాని గోళ్లు ఇరుక్కోవచ్చు.

చూపున్నవారికి ఒక విన్నపం: ఎక్కబోయే మనిషి చేయి హఠాత్తుగా పట్టి లాగకండి. ఆ చేయే వారికి దారి చూపుతోంది. సాయం కావాలా అని ముందు అడగండి.