మా నాన్న లైన్‌మన్, ఆయన పాఠాలన్నీ పనిలోవే

"చనిపోయిన మీ నాన్నగారిని తలుచుకుంటే గుర్తొచ్చే జీవిత పాఠం ఏమిటి?" అని అడిగారు.

మా నాన్న పాఠాలు చెప్పే మనిషి కాదు. లైన్‌మన్‌గా చేరి లైన్‌మన్‌గానే రిటైరయ్యారు. ఇంట్లో మాట్లాడేది తక్కువ. పని గురించి అడిగితే మాత్రం చిన్నపిల్లనని చూడకుండా అంతా విడమరిచి చెప్పేవారు. ఆయన దగ్గర నేను నేర్చుకున్నది దాదాపు అంతా అలా వచ్చిందే.

అన్నిటికంటే ముందు చెప్పాల్సింది ఎల్‌సీ గురించి. లైన్ మీద పని చేయాలంటే సబ్‌స్టేషన్ నుంచి లైన్ క్లియర్ తీసుకోవాలి. దాన్నే వాళ్లు ఎల్‌సీ అంటారు. సరఫరా ఆపి, ఆపామని చెప్పాకే స్తంభం ఎక్కాలి. పని అయ్యాక ఎల్‌సీ తీసుకున్న మనిషే దాన్ని తిరిగి ఇవ్వాలి. పక్కనున్నవాళ్లు ఎవరో ఫోన్ చేసి "అయిపోయింది, వేసేయండి" అంటే కుదరదు. ఎల్‌సీ రిటర్న్ చేసే ముందు నాన్న పైకెక్కిన ప్రతి ఒక్కరినీ పేరు పెట్టి పిలిచేవారు. "ఆ, దిగేశా" అని గొంతు వినిపిస్తే చాలదు, మనిషి వచ్చి ఎదురుగా నిలబడాలి. కరెంటు కోసం జనం కేకలేస్తున్నా అంతే. "ఇంకో పది నిమిషాలు ఆలస్యమైతే తిడతారమ్మా. పైన మనిషి ఉండగా వేస్తే?" అనేవారు. ఆ ప్రశ్నకి జవాబు ఆయనెప్పుడూ పూర్తిగా చెప్పలేదు, నేనూ అడగలేదు.

ఇప్పుడు నేను ఆపరేషన్ థియేటర్‌లో నర్సుని. సర్జరీకి ముందు మాప్‌లు (రక్తం అద్దే గుడ్డలు), సూదులు, పరికరాలు లెక్కపెడతాం. కుట్లు వేసే ముందు మళ్లీ లెక్కపెడతాం. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2008లో తెచ్చిన సర్జరీ చెక్‌లిస్ట్‌లో కూడా ఇది ఉంది. పేషెంట్ థియేటర్ దాటే ముందు లెక్క సరిపోయిందని నర్సు నోటితో, అందరికీ వినబడేలా చెప్పాలి. ట్రైనింగ్‌లో ఇది చెబుతుంటే నాకు కొత్తగా అనిపించలేదు, ఇది నాన్న ఎల్‌సీయే కదా అనుకున్నాను. అలసిపోయిన పెద్ద డాక్టర్‌తో "సార్, ఒక మాప్ తక్కువ ఉంది, ఆగండి" అనడం తేలిక కాదు. టెన్షన్‌గా ఉంటుంది. ఆ క్షణంలో నాకు ధైర్యం ఇచ్చేది చదివిన చదువు కాదు, కింద నిలబడి ఒక్కొక్కరి పేరు పిలిచే నాన్న.

ఇంకోటి ఉంది, అది నాకు పెద్దయ్యాక గానీ పూర్తిగా అర్థం కాలేదు. ఎల్‌సీ చేతిలో ఉన్నా నాన్న లైన్‌ని ఎర్త్ చేయకుండా, అంటే పొరపాటున కరెంటు వచ్చినా నేలలోకి పోయేలా రాడ్‌తో కలపకుండా, ముట్టుకునేవారు కాదు. ముందు రాడ్‌ని నేలకి కలపాలి, తర్వాతే లైన్‌కి తగిలించాలి. తీసేటప్పుడు ముందు లైన్ నుంచి, ఆ తర్వాతే నేల నుంచి. "ఆపేశామని సబ్‌స్టేషన్ వాళ్లు చెప్పారు కదా నాన్నా, మళ్లీ ఇదంతా ఎందుకు?" అని అడిగాను. ఎక్కడో ఒకరు జనరేటర్‌ని తప్పుగా కలిపి నడిపితే ఆ 230 వోల్టులు ట్రాన్స్‌ఫార్మర్ గుండా వెనక్కి వచ్చి, 11 కేవీ లైన్‌లో వేల వోల్టులవుతాయని చెప్పారు. "వాళ్ల మీద అనుమానం కాదమ్మా. వాళ్లకీ తెలియనిది ఉంటుంది" అన్నారు.

ఈ మాట నాకు చాలాచోట్ల పనికొచ్చింది. నేను ఇచ్చిన మందుని ఇంకో నర్సు మళ్లీ సరిచూస్తే నన్ను నమ్మలేదని అనుకోను. ఇంట్లో ఎవరైనా నేను చెప్పినదాన్ని ఇంకోసారి కనుక్కుంటే చిన్నబుచ్చుకోను. మనుషుల మధ్య సగం గొడవలు, సరిచూడటాన్ని అవమానంగా తీసుకోవడం వల్లే వస్తాయని నాకనిపిస్తుంది.

టెస్టర్ సంగతి కూడా అలాంటిదే. అందులోని బల్బు పాడైతే కరెంటు ఉన్నా వెలగదు, చూసేవాళ్లకి కరెంటు లేనట్టే ఉంటుంది. అందుకని ముందు కరెంటు ఉన్న చోట పెట్టి, వెలుగుతోందని చూసుకున్నాకే దాని మాట నమ్మాలి. నాన్నకి ఇంకో అలవాటు కూడా ఉండేది. కోపంగా ఉన్న రోజు స్తంభం ఎక్కేవారు కాదు, కింద పని చూసుకునేవారు.

అన్నిట్లోనూ ఆయన్నే అనుసరిస్తానని మాత్రం చెప్పలేను. ప్రతి తీగనీ అంత జాగ్రత్తగా చూసే మనిషి తన ఒంటిని పట్టించుకోలేదు. బీపీ చూపించుకోమంటే "నాకేం కాదు" అనేవారు. గుండెపోటుతో పోయారు. ఈ విషయంలో ఆయన మీద నాకు ఇప్పటికీ కోపం ఉంది, ప్రేమ ఎంత ఉందో అదీ అంతే ఉంది. అందుకే నా పరీక్షలు నేను టైముకి చేయించుకుంటాను, అమ్మవీ చేయిస్తాను.

మీ నాన్నగారు ఉంటే ఒక పని చేయండి. "జీవితం గురించి ఏమైనా చెప్పండి నాన్నా" అని అడిగితే చాలామంది ఏమీ చెప్పలేరు. పని గురించి అడగండి. మొదటి రోజు ఎవరు నేర్పారు, దేనికి భయపడ్డారు, ఏ పనిని ఎవరు చెప్పినా చేయనన్నారు, ఇలా. ఫోన్‌లో రికార్డు చేసుకోండి. నా దగ్గర నాన్న గొంతు పెళ్లి వీడియోల్లో ముక్కలు ముక్కలుగా తప్ప లేదు. లేనివారైతే ఆయనతో పనిచేసిన వాళ్లని వెతకండి. ఎల్‌సీ రిటర్న్ దగ్గర పేర్లు పిలిచే సంగతి నాకు నాన్న చెప్పలేదు, ఆయనతో పనిచేసిన ఒక పెద్దాయన చెప్పారు. నాన్నకి పని నేర్పిన సీనియర్ గారు కూడా ఇంకా ఉన్నారట. అడ్రస్ దొరికింది, వచ్చే సెలవు రోజున అమ్మని తీసుకుని వెళ్తున్నాను.