పెరట్లో పైపు ఎటు పోయిందో?

ప్రశ్న: పెరట్లో సంపు తవ్వించాలండి. బోరు నుంచి ట్యాంకుకి పోయే పీవీసీ పైపు, మీటరు నుంచి వెనక షెడ్డుకి కరెంటు కేబులు రెండూ అక్కడే ఎక్కడో ఉన్నాయి. వేయించిన మా నాన్నగారు ఇప్పుడు లేరు. జేసీబీ అబ్బాయేమో అరచేతిలో కొబ్బరికాయ పెట్టుకుని చెప్పే ఆయన్ని తీసుకొస్తానంటున్నాడు. మెషీన్లతో తెలుస్తుందా? మాది నల్లరేగడి. – ఓ పాఠకుడు, నరసరావుపేట

జవాబు: కొబ్బరికాయని పచ్చడికి వాడుకోండి. ముందు కేబులు సంగతి చూద్దాం, అది తేలిక. కేబుల్ లోకేటర్, అంటే నేలలోని తీగని పైనుంచే పట్టే మిషన్, అద్దెకి తెచ్చేవాళ్ళు చాలామంది ఊరికే 50 హెర్ట్జ్ మోడ్‌లో, అంటే తీగలో పారే కరెంటుని పసిగట్టే మోడ్‌లో పెట్టి పెరడంతా ఓ రౌండు తిరిగి, మోగలేదు కాబట్టి ఏం లేదు తవ్వేయండి అంటారు, అక్కడే కొంప మునిగేది. షెడ్డులో లోడ్ లేకపోతే అది మోగదు, లోడ్ ఉన్నా ఫేజు న్యూట్రలు పక్కపక్కనే ఉంటాయి కాబట్టి ఒకదాని అయస్కాంత క్షేత్రాన్ని ఇంకోటి కొట్టేస్తుంది. అందుకని మెయిన్ ఆపించి, కేబులు రెండు కొసలూ ఎలక్ట్రీషియన్‌తో విప్పించి, ఒక కొసకి లోకేటర్‌తో వచ్చే ట్రాన్స్‌మిటర్, అంటే సిగ్నల్ పంపే పెట్టె తగిలించి అవతలి కొసని ఎర్త్ చేస్తే, ఆ సిగ్నల్ వెంటే రిసీవర్ పట్టుకుని నడిచిపోవచ్చు.

పీవీసీతోనే తంటా. లోకేటర్‌కి లోహం కావాలి. జీపీఆర్, అంటే నేలలోకి రేడియో తరంగాలు పంపే రాడార్, ఇసుక నేలలో ప్లాస్టిక్ పైపుని కూడా బాగానే పట్టిస్తుంది గానీ మీ రేగడి, అందులోనూ తడి మీదుంటే, ఆ తరంగాలన్నీ మింగేస్తుంది. డబ్బు దండగ. దాని బదులు మోటరు ఆపి, ట్యాంకు దగ్గర జాయింట్ విప్పి, వైరింగ్ వాళ్ళు పైపుల్లోకి దూర్చే స్టీల్ స్ప్రింగుని లోపలికి తోసి దానికి ట్రాన్స్‌మిటర్ తగిలించండి, 33 కిలోహెర్ట్జ్ లాంటి పై ఫ్రీక్వెన్సీలో. ఎల్బో దగ్గర ఆగిపోతే బోరు వైపు నుంచి మళ్ళీ దూర్చండి.

గుర్తు పెట్టాక కూడా అక్కడ జేసీబీ బకెట్ దించొద్దు. మిషన్ చూపించే లోతుని నమ్మకుండా అడ్డంగా చిన్న కాలువలా పారతో మెల్లగా తీయండి, గడ్డపలుగు వద్దు. ఇటుకల వరసో హెచ్చరిక టేపో తగిలితే కింద కేబులు ఉన్నట్టే.

గేటు బయట తవ్వాల్సొస్తే 2023 మార్చిలో వచ్చిన కాల్ బిఫోర్ యు డిగ్ యాప్ ఉంది, గ్యాసు, టెలికాం లాంటి లైన్ల వాళ్ళకి ముందే కబురెళ్తుంది. మీ నాన్నగారి పైపు మాత్రం అందులో ఉండదు, అందుకే పూడ్చేముందు ప్రహరీ నుంచి టేపు పట్టి కొలిచి ఫోటో తీసి పెట్టుకోండి.