డెలివరీ బండ్లకు జీపీఎస్ పెడితే డీజిల్ ఖర్చు తగ్గుతదా?

హన్మకొండల మూడు ట్రాలీలతోని కిరాణం హోల్‌సేల్ చేస్తున్న, డీజిల్‌కే పైసలన్నీ పోతున్నయి, జీపీఎస్ పెడితే ఏమన్న ఫాయిదా ఉంటదా అని అడిగిన్రు కదా అన్నా. ఉంటది. మాది వరంగల్ల ఇదే ధందా, నూనె ప్యాకెట్లు, సబ్బులు, బిస్కెట్లు ఊర్లకు వేస్తం. కాకపోతే ట్రాకర్ పెట్టంగనే తగ్గది, అండ్ల ఐడ్లింగ్ రిపోర్టు అని ఒకటి వస్తది, బండి ఆగి ఉన్నా ఇంజన్ ఎంతసేపు ఉత్తగ నడిచిందో అండ్ల ఉంటది, అది రోజూ చూడాలె.

చానామంది బండి ఎక్కడుంది, డ్రైవర్ ఎటు పోయిండు, గిదే చూస్తరు. మా బండ్లు ఉత్తగ డీజిల్ తాగేది దుకాణాల ముంగటనే. డబ్బాలు దించుడు, బిల్లు చూసుకునుడు, షావుకారి గల్లపెట్టెల పైసలు తీసి లెక్కపెట్టుడు, ఇవన్నీ అయ్యేదాక ఇంజన్ నడుస్తనే ఉంటది. చిన్న డీజిల్ ఇంజన్ ఊకె ఆన్ల ఉన్నా గంటకు అర లీటరు దాకా పోతది, రోజుకు గంట అనుకున్నా నెలల 26 రోజులకు 13 లీటర్లు, లీటరు 95 లెక్కన ఒక్కో బండికి 1200 పైమాటే.

ట్రాకర్ బిగించేటప్పుడు మీరు పక్కనే ఉండున్రి. కొందరు బ్యాటరీ వైర్లు రెండు కలిపి పోతరు, ఇగ్నిషన్ వైర్ కలపరు, అది లేకుంటే బండి ఆగిందని తెలుస్తది గని ఇంజన్ బంద్ అయిందో లేదో సరిగ్గ తెల్వది. బండి కదలకుండ తాళంచెవి తిప్పి చూడున్రి, యాప్‌ల ఇగ్నిషన్ ఆన్ అని రావాలె, అప్పుడే పైసలియ్యున్రి.

రెండోది రూటు. గూగుల్ మ్యాప్స్‌ల ఒక ట్రిప్పుకు కొన్ని దుకాణాలను స్టాపులుగ పెట్టుకోవచ్చు గని ఏది ముందు ఏది వెనక అని అది సర్దదు, మనమే సర్దాలె. పరకాల, ములుగు రెండిటికి గూడెప్పాడ్ మీదికెల్లే పోవాలె కదా, చిన్న ఆర్డర్లుంటే ఆ రెండు లైన్లు ఒకే రోజు ఒకే బండికి వేసి చూడున్రి. మిర్చి సీజన్ల ఎనుమాముల మార్కెట్ దిక్కు బండి తోలే ముందు ట్రాఫిక్ తప్పకుంట చూడాలె, అక్కడ ఇరుక్కుంటే పొద్దంత పాయె.

టైర్ల గాలి పొద్దున బండి తియ్యక ముందే చూడాలె, టైరు వేడెక్కినంక రీడింగ్ ఎక్కువ చూపిస్తది. ట్యాంకుల పెట్టే ఫ్యూయల్ సెన్సార్ మాత్రం మన చిన్న బండ్లకు వద్దు, గతుకులల్ల డీజిల్ ఊగి ఉత్త అలారాలు వస్తయి. ట్యాంక్ ఫుల్ కొట్టించి, మళ్ల ఫుల్ కొట్టించినప్పుడు ఎన్ని లీటర్లు పట్టింది, ఎన్ని కిలోమీటర్లు తిరిగింది రాసుకుంటే సాలు, ట్రాకర్ పెట్టకముందు నుంచే రాయున్రి.

డ్రైవర్లకు చెప్పే పెట్టున్రి, దాచి పెట్టొద్దు. మిగిలిన డీజిల్ల వాళ్లకింత అని ఇస్తే వాళ్లే ఇంజన్ బంద్ చేస్తరు, మేము గట్లనే ఇస్తున్నం.

మీ మూడింట్ల ఒకటి హన్మకొండ, కాజీపేట లోపలనే తిరిగేదైతే తర్వాత కొనేది కరెంటు బండి చూడున్రి. 2024 నవంబర్ల వచ్చిన మన రాష్ట్ర పాలసీల 2026 డిసెంబర్ దాకా రోడ్ ట్యాక్స్, రిజిస్ట్రేషన్ ఫీజు మాఫీ అన్నరు, కొనే ముందు ఆర్టీఏ ఆఫీసుల మీ బండికి వర్తిస్తదా అని ఒకసారి అడుగున్రి.