ముందే రిటైరై కారవాన్‌లో తిరగొచ్చా?

ప్రశ్న: నాకు 54 ఏళ్లు. హన్మకొండలో రాష్ట్ర ప్రభుత్వ ఉద్యోగం, 28 ఏళ్ల సర్వీసు. ముందే రిటైరై, పాత వ్యాన్‌ను పడుకోవడానికి, వండుకోవడానికి వీలుండే కారవాన్‌గా మార్చి మా ఆవిడతో దేశమంతా తిరగాలనుంది. తొందరపడుతున్నానా?

జవాబు: తొందరేం కాదండీ, 20 ఏళ్ల సర్వీసు దాటింది కాబట్టి మూడు నెలల ముందు నోటీసిచ్చి తప్పుకోవచ్చు. వ్యాన్ మార్పులకు మాత్రం ముందే ఆర్టీఓ అనుమతి తీసుకోండి, ఇన్సూరెన్స్ వాళ్లకూ చెప్పండి. అంతకన్నా ముందు ఓ వారం అద్దె బండిలో రామప్ప గుడి, లక్నవరం చెరువు, బొగత జలపాతం చూసి రండి. రాత్రి బండిలోనే పడుకుంటే ఉక్కపోత, దోమలు, ఇరవై లీటర్ల నీళ్ల డబ్బా పొద్దున అంట్లు తోమేసరికే ఖాళీ కావడం, బాత్రూమ్ కోసం మీ ఆవిడ పడే టెన్షన్, అన్నీ తెలుస్తాయి. అసలు ఆమెను అడిగారా? ఉత్తరంలో ఆమె మాట ఒక్కటీ లేదు, నాకదే బాధనిపించింది.