వీపు తడవని పంపు

చిరంజీవి మనవరాలికి చిన్నతాతయ్య ఆశీస్సులు.

నీ ఉత్తరం, దానితో పంపిన బొమ్మలు అందాయి. మిద్దెతోటల వాళ్లకూ, అరెకరం ఎకరం కూరగాయలు వేసుకునేవాళ్లకూ పనికొచ్చే, మొక్కలకు మందు కొట్టే చేతి పంపు తయారుచేస్తానంటున్నావు. ఇంజనీరింగు చివరి ఏడాదిలో ఇలాంటి పని ఎంచుకున్నందుకు నాకు చాలా సంతోషంగా ఉంది. నరసరావుపేటలో ముప్పై అయిదేళ్లు పంపుల మరమ్మతు కొట్టు నడిపాను. అంతకుముందు మిరపచేలో నేనే పంపు మోశాను. ఆ రెండు చోట్లా తెలుసుకున్నది నీకు చెప్పకపోతే ఇంకెవరికి చెబుతాను?

నీ బొమ్మలు నాజిల్ దగ్గర మొదలై వెనక్కి వచ్చాయి. తుంపర ఎంత సన్నగా పడాలి, ఎంత దూరం పోవాలి అన్నదే నీ లెక్కంతా. అది అవసరమే, కానీ నువ్వు మొదలుపెట్టాల్సింది అక్కడ కాదు, మోసే మనిషి వీపు దగ్గర. ఆకు మీద పడని మందు ఎక్కడో ఒకచోట పడుతుంది. ఎక్కువసార్లు అది పడేది మోసేవాడి ఒంటి మీదే.

నాకు అది ఒంటికి తగిలి తెలిసింది. పాతికేళ్లు నిండని వయసు. మిరపలో పురుగు మందు కొడుతున్నాను. ట్యాంకు మూత కింది వాషరు ఎండకు బిరుసెక్కి ఉంది. నిలబడి కొట్టినంతసేపు ఏమీ లేదు. కింది ఆకుల కోసం వంగినప్పుడల్లా మూత అంచు నుంచి మందు కారి మెడ మీదుగా వెన్నులోకి దిగుతోంది. చెమట అనుకున్నాను. బనీను ఎలాగూ తడిసే ఉంది కదా. మూడో ట్యాంకు అయ్యేసరికి నోట్లో నీరు ఊరడం మొదలైంది, చూపు మసకబారింది, చేతులు వణికాయి. గట్టు మీద కూలబడితే పక్క చేనువాళ్లు ఆసుపత్రికి మోసుకెళ్లారు. డాక్టరు గారు నా కళ్లలోకి టార్చి వేసి చూశారు. కంటిపాపలు గుండుసూది మొనంత అయ్యాయట. ఏ మందు కొట్టావని అడిగి, విరుగుడుగా అట్రోపిన్ ఇంజెక్షన్లు ఇచ్చి నన్ను దక్కించారు. ఆ వాషరు ఖరీదు అప్పట్లో రూపాయి కూడా ఉండదు.

2017లో మహారాష్ట్రలోని యవత్మాల్ జిల్లాలో పత్తికి మందు కొడుతూ ఇరవై మందికి పైగా చనిపోయారని పత్రికల్లో చదివినప్పుడు నాకు నా బనీనే గుర్తొచ్చింది. అక్కడ కారణాలు ఎన్నో ఉన్నాయి: ఘాటు మందులు, రెండు మూడు కలిపి కొట్టడం, మనిషిని మించి పెరిగిన పైరు, ఒంటికి రక్షణ లేకపోవడం. అవన్నీ నీ చేతిలో లేవు. కారని పంపు నీ చేతిలో ఉంది.

అందుకని మొదట మూత. మందు పోయడానికీ, లోపల చెయ్యి పెట్టి కడగడానికీ వీలుగా మూతి వెడల్పుగా ఉండాలి. వాషరు మూతలోనే గాడిలో కూర్చోవాలి, విడిగా ఊడి పడిపోకూడదు. మూతకు గాలి రంధ్రం ఉండక తప్పదు. లేకపోతే మందు తగ్గేకొద్దీ లోపల గాలి పలచబడి ట్యాంకు సొట్టపడుతుంది, పంపు బిగిసిపోతుంది. కానీ ఆ రంధ్రంలో గాలి లోపలికి మాత్రమే పోనిచ్చి మందును బయటికి రానివ్వని చిన్న వాల్వు ఉండాలి. చౌక పంపుల్లో ఉత్త చిల్లు పొడిచి వదిలేస్తారు. నా కొట్టుకు వచ్చిన పంపుల్లో వీపు తడిసే జబ్బుకు సగం కారణం ఆ చిల్లే. మూతి చుట్టూ చిన్న గట్టు, దానికి ముందువైపు దారి పెట్టు. పోసేటప్పుడు ఒలికింది వీపు వైపు కాకుండా అటు జారిపోతుంది.

రెండోది లివరు. ఇక్కడ లెక్క వేద్దాం, నీకూ ఇష్టమే కదా. నాజిల్ నిమిషానికి 600 మిల్లీలీటర్లు వదులుతుందనుకో. మనిషి అలసిపోకుండా నిమిషానికి పదిహేనుసార్లు లివరు ఆడించగలడు. అంటే ఒక్కో ఊపుకు 40 మిల్లీలీటర్లు రావాలి. 16 లీటర్ల ట్యాంకు ఖాళీ కావడానికి సుమారు 27 నిమిషాలు, 400 ఊపులు. పది ట్యాంకులు కొట్టే రోజున నాలుగు వేలు. ఇప్పుడు నీ బొమ్మలోని పిస్టన్ చూడు. 4 సెంటీమీటర్ల వ్యాసం పెట్టావు. చదరపు సెంటీమీటరుకు 3 కిలోల పీడనం దగ్గర దాని మీద పడే బలం 38 కిలోలకు దగ్గర. వ్యాసం 3 సెంటీమీటర్లు చేస్తే అది 21 కిలోలకు దిగుతుంది. పిస్టన్ కాస్త ఎక్కువ దూరం నడవాలి, ఆరు సెంటీమీటర్ల లోపే. లివరుకు ఆరింతల బలం వచ్చేలా పొడవు పెడితే చేతికి మూడున్నర కిలోలు తగులుతుంది, చెయ్యి కదలాల్సింది మూడోవంతు మీటరు. ఆ నాలుగు వేల ఊపుల్లో ఈ తేడా ఏమిటో సాయంత్రం అన్నం ముద్ద ఎత్తేటప్పుడు భుజం చెబుతుంది.

లివరును కుడికీ ఎడమకూ మార్చుకునేలా చెయ్యి. కూరగాయల మడుల్లో ఈ రోజు ఆడవాళ్లు కూడా పంపు మోస్తున్నారు, కాబట్టి పట్టీలు పొట్టివాళ్లకూ సరిపోయేంత బిగించుకోగలగాలి. రెండు వేళ్ల వెడల్పు పట్టీ భుజంలోకి దిగబడుతుంది, నాలుగు వేళ్లది పెట్టు. ఒక పట్టీ కొక్కెం ఒక్క చేత్తో ఊడేలా ఉండాలి. మందు కారిందని తెలిసిన క్షణంలో పంపు కింద పడెయ్యగలగాలి. దీన్ని ఎవరూ పట్టించుకోరు, నువ్వు పట్టించుకో.

మిద్దె మీద పది ఇరవై కుండీలున్నవాళ్లకు వీపు పంపు అక్కరలేదు. ముందుగా గాలి కొట్టి పెట్టుకుని భుజానికి వేలాడదీసుకునే పంపు చాలు. దానిలో చిక్కు వేరే ఉంది. 8 లీటర్ల ట్యాంకులో 6 లీటర్లు పోసి, మిగిలిన 2 లీటర్ల జాగాలో 3 కిలోల దాకా గాలి బిగించావనుకో. 2 లీటర్లు కొట్టేసరికి గాలికి జాగా రెండింతలవుతుంది, మీటరు మీద పీడనం 3 నుంచి 1కి పడిపోతుంది. బయటి గాలి పీడనం కూడా కలిపి లెక్క వేస్తే నీకే తేలుతుంది. నాజిల్ ధార పీడనపు వర్గమూలాన్ని బట్టి ఉంటుంది గనుక అది సగం కంటే కాస్త ఎక్కువ దగ్గర ఆగుతుంది. అంటే మొదటి కుండీలకు పుష్కలంగా, చివరి కుండీలకు జల్లినట్టుగా. పైగా చుక్కలు లావై ఆకు మీద నిలవక జారిపోతాయి. దీనికి విరుగుడు ఒకటే: ట్రిగ్గరు తర్వాత ఒకే పీడనం దగ్గర తెరుచుకుని, అంతే పీడనాన్ని నాజిల్‌కు అందించే చిన్న వాల్వు. పీడనం అంతకంటే తగ్గితే అది మూసుకుపోతుంది, మళ్లీ గాలి కొట్టమని మనిషికి చెబుతుంది. వీపు పంపుకు కూడా అది పెడితే లివరు నెమ్మదిగా ఆడించేవాడికీ, గబగబా ఆడించేవాడికీ తుంపర ఒకేలా వస్తుంది. ఖర్చు పెరుగుతుందని మీ మాస్టారు అంటే, మిగిలే మందు ఖరీదు లెక్క చూపించు. గాలి పంపుకు పీడనం మితిమీరితే వదిలేసే సేఫ్టీ వాల్వు తప్పనిసరి. అది లేనిది తయారుచెయ్యనే వద్దు.

వేప సంగతి మరచిపోకు. మిద్దెతోటల వాళ్లు ఎక్కువగా కొట్టేది వేపనూనె, వేప కషాయం, పుల్ల మజ్జిగ. అయిదు శాతం కషాయమంటే వంద లీటర్లకు అయిదు కిలోల గింజల పప్పు. ఎంత వడకట్టినా సన్నని పిప్పి మిగులుతుంది. కొట్టుకు వచ్చిన ఒక పంపు లివరు ఎంత ఆడించినా ఏమీ పట్టడం లేదు. విప్పి చూస్తే లోపలి వాల్వులో గోలీ కింద ఆవగింజంత వేప పిప్పి ఇరుక్కుని ఉంది. గోలీ పూర్తిగా కూర్చోకపోవడంతో ఎక్కిన మందంతా మళ్లీ కిందికే దిగుతోంది. గుడ్డతో తుడిచి బిగిస్తే రెండు నిమిషాల్లో పంపు పలికింది. దాని యజమాని మాత్రం అప్పటికే కొత్త పంపు కొన్నాడు. ఆ గోలీ గది స్పానరు లేకుండా చేత్తోనే విప్పుకునేలా చెయ్యి. జల్లెడలు మూడు చోట్ల పెట్టు: మూతి దగ్గర, ట్రిగ్గరు పిడిలో, నాజిల్ వెనక. ఒకదాని కంటే ఒకటి సన్నగా ఉండాలి. నాజిల్ మూసుకుపోతే నోటితో ఊదేవాళ్లను ఎంతమందినో చూశాను, చూసినప్పుడల్లా గుండె ఆగినంత పనయ్యేది. పిడిలోనే ఒక మెత్తని బ్రష్షు గుచ్చుకునే చోటు పెడితే ఎవరూ నోరు పెట్టరు. తీగతో పొడిచినా రంధ్రం పాడవుతుంది.

వేపనూనె నీళ్లలో కలవదు. సబ్బు కలిపినా కాసేపటికి తేలుతుంది. లివరు పంపులో లివరుతో పాటు ఆడే రెక్క లోపల కలుపుతూనే ఉంటుంది. గాలి పంపులో అది ఉండదు, మధ్యమధ్య చేత్తో ఊపాలి. ఈ మాట ట్యాంకు మీదే చెరగని అక్షరాలతో అచ్చు వేయించు, తెలుగులో. పొడి మందులు, కషాయాలు పిస్టన్ వాషర్లను ఉప్పుకాగితంలా అరగదీస్తాయి. పీడనం కాస్త తక్కువైనా అలాంటివాటికి పిస్టన్ బదులు రబ్బరు పొర ఆడే డయాఫ్రమ్ పంపే ఎక్కువ కాలం నిలుస్తుంది. వీపు పంపు అవసరమయ్యేంత పెద్ద మిద్దెతోటకు నా ఓటు దానికే.

నాజిల్ గురించి నీకు తెలిసిందే ఎక్కువ, కొద్దిగా చెబుతాను. పురుగుకూ తెగులుకూ బోలు శంఖువులా తిరుగుతూ వచ్చే తుంపర, కలుపు మందుకు విసనకర్రలా పరుచుకునే తుంపర. చుక్క వ్యాసం సగమైతే అదే మందుకు ఎనిమిది చుక్కలు వస్తాయి, ఆకంతా కప్పుతాయి. అలాగని మరీ సన్నం చెయ్యకు. మిల్లీమీటరులో పదోవంతు ఉన్న చుక్క మూడు మీటర్లు దిగడానికి పది సెకన్లకు పైగా పడుతుంది. ఈలోగా మిద్దె మీద గాలికి అది పక్కింటి వాళ్లు ఆరేసుకున్న బట్టల మీదికి పోతుంది. తెల్లదోమ, పేనుబంక, 2021లో మన మిరపను ఊడ్చిన నల్ల తామరపురుగు, అన్నీ ఆకు అడుగున, పువ్వు లోపల దాక్కునేవే. కాబట్టి గొట్టం కొస వంగి పైకి చూసేలా ఉండాలి. వంగాల్సింది గొట్టం, మనిషి కాదు.

ఇనుము ఎక్కడా వాడకు. బోర్డో మిశ్రమంలోని మైలుతుత్తం ఇనుమును తినేస్తుంది. 1885లో ఫ్రాన్సులో మిలార్డే అనే శాస్త్రవేత్త ఆ మిశ్రమాన్ని ద్రాక్ష బూజు తెగులుకు మందుగా ప్రకటించాక వీపు పంపులకు గిరాకీ పెరిగింది. ఆ రోజుల్లో వెర్మొరెల్ అనే ఫ్రెంచి తయారీదారు చేసిన పంపుకు రాగి ట్యాంకు పెట్టింది ఊరికే కాదు. నువ్వు ప్లాస్టిక్ ట్యాంకు పెడతావు, మంచిదే. ఎండకు పగలని రకం చూడు, లీటర్ల గీతలు బయటికి కనిపించాలి. స్ప్రింగులు స్టెయిన్‌లెస్ స్టీలువి కావాలి. నూనెలాంటి ద్రావకంతో వచ్చే మందుల్లో మామూలు రబ్బరు ఉబ్బి మెత్తబడుతుంది, వాటిని తట్టుకునే విటాన్ వాషర్లు వెయ్యి. ట్యాంకు అడుగు సమతలంగా కాకుండా ఒక మూలకు వాలి ఉండాలి, చివరి చుక్క దాకా తియ్యగలగాలి. 2,4-డి అనే కలుపు మందు కొట్టిన పంపును సరిగా కడగకుండా పత్తికి వాడితే ఆకులు బెండాకుల్లా చీలిపోయి ముడుచుకున్న చేను చూశాను. ఆ రైతు తెగులనుకుని ఇంకో రెండు మందులు కొట్టాడు. కలుపు మందుకు వేరే రంగు ట్యాంకు చేసి అమ్మగలిగితే అలాంటి నష్టాలు తప్పుతాయి.

నా చిన్నతనంలో మలేరియా సిబ్బంది డీడీటీ కొట్టడానికి ఊళ్లోకి వచ్చేవారు. బకెట్లో దించిన స్టిరప్ పంపును ఒకరు పాదంతో తొక్కిపట్టి చేత్తో కొడుతుంటే, ఇంకొకరు పొడుగు గొట్టంతో గోడల మీద చల్లేవారు. పని అయ్యాక గోడ మీద తేదీ రాసి వెళ్లేవారు. మందు బకెట్లోనే ఉండేది, ఎవరి వీపు మీదా ఉండేది కాదు. మిద్దె మీద దూరాలు తక్కువే కదా, నేల మీద పెట్టి పొడుగు గొట్టంతో కొట్టే పంపు కూడా ఆలోచించు. అరవై దాటి మోకాళ్లు నొప్పులున్నవాళ్లు మిద్దెతోటల్లో చాలామందే ఉన్నారు.

మొదటి పంపు తయారయ్యాక దానిలో మందు పొయ్యకు. మంచినీళ్లలో ఎర్ర సిరా కలిపి నింపు. తెల్ల చొక్కా వేసుకున్న మనిషికి తగిలించి అరగంట నడిపించు. వంగమను, మెట్లు ఎక్కి దిగమను, నాజిల్ విప్పి బిగించమను. తర్వాత చొక్కా విప్పి ఆరేసి చూడు. మెడ దగ్గర మరక ఉంటే మూత, నడుము దగ్గర ఉంటే పంపు సీలు, కుడి చేతి కఫ్ మీద ఉంటే ట్రిగ్గరు. ఎక్కడ సరిచెయ్యాలో ఆ మరకలే చూపిస్తాయి. సంక్రాంతికి నువ్వు వచ్చేటప్పుడు పంపు తీసుకురా. నా పాత తెల్ల చొక్కాలు మీ నాయనమ్మ ఉతికి పెట్టింది, నేనే వేసుకుని మోస్తాను.

ఆశీస్సులతో,
చిన్నతాతయ్య