నీ మాట చివర ఉండాలి

విజయవాడ

చిరంజీవి మేనల్లుడికి మామయ్య ఆశీస్సులు.

ఆటోనగర్‌లో లారీ, బస్సు బాడీలు కట్టే యూనిట్‌లో డిజైన్ విభాగం బాధ్యత నీకు అప్పగించారని మీ అమ్మ ఫోన్‌లో చెప్పగా ఎంతో సంతోషించాను. నీ దగ్గర పనిచేసేవారు కొత్త ఆలోచన ఒక్కటీ చెప్పడం లేదని నీవు దిగులుపడుతున్నట్టు కూడా చెప్పింది. వారికి ఆలోచనలు లేవని మాత్రం అనుకోవద్దు.

ముప్పై ఏళ్లు అదే ఆటోనగర్‌లో లారీ బాడీలు కట్టించాను. ఒకసారి గుంటూరు మిర్చి యార్డుకు టిక్కీలు (మిర్చి బస్తాలు) తోలే లారీకి వెనుక తలుపు బిగిస్తుండగా, లోపలి గొళ్లేన్ని బయటికి మారిస్తే టిక్కీలు చిరగవని ఒక హెల్పర్ కుర్రవాడు అన్నాడు. ‘‘ముందు నీ పని చూసుకో’’ అని నలుగురిలో కసిరాను. ఆ తరువాత రెండేళ్లు మా షెడ్డులోనే ఉన్నా అతను మరొక సలహా ఇవ్వలేదు. ఆ కసురు విన్న మిగతావారూ ఇవ్వలేదు. టిక్కీలు చిరుగుతున్నాయని యజమాని లారీని వెనక్కి తెచ్చినప్పుడు గొళ్లేన్ని ఆ కుర్రవాడు చెప్పినట్టే మార్చాను గాని, నీ మాటే నిజమైందని అతనితో అనలేదు. అది ఇప్పటికీ నన్ను బాధిస్తుంది.

హార్వర్డ్ ఆచార్యురాలు ఎమీ ఎడ్మండ్‌సన్ ఆసుపత్రులలో మందుల పొరపాట్లను పరిశీలించి 1996లో ప్రచురించిన అధ్యయనంలో, చక్కగా నడిచే బృందాలలోనే ఎక్కువ పొరపాట్లు నమోదైనట్టు తేలింది. అక్కడివారు తప్పులు ఎక్కువగా చేయడం కాదు, చేసినవాటిని దాచకుండా చెప్పగలగడమే అందుకు కారణమని ఆమె భావించారు. జరిగిన తప్పునే చెప్పుకోలేనివాడు ఇంకా రుజువు కాని ఊహను ఎలా చెబుతాడు?

అందుచేత సమావేశంలో నీవు చివరగా మాట్లాడు. అందరూ ముందుగా తమ ఆలోచనను విడివిడిగా కాగితం మీద రాసుకున్నాక, అందరికంటే చిన్న ఉద్యోగి నుంచి చదివించు. వారానికి ఒక పూట తుక్కు రేకుల మీద నమూనాలు చేసుకోనివ్వు. అవి చెడినా ఎవరి జీతమూ కోయించవద్దు. బస్సు బాడీల నిర్మాణానికి మన దేశంలో ఉన్న నియమావళి ఏఐఎస్ 052 నిర్దేశించిన ప్రమాణాల జోలికి మాత్రం ఎవరినీ పోనివ్వకు, అవి ప్రయాణికుల ప్రాణాలకు సంబంధించినవి. పనికొచ్చిన ఆలోచన ఎవరిదో డ్రాయింగు మీద వారి పేరే రాయించు. పనికిరాని ఆలోచన చెప్పినవాడిని ఆ రోజే పక్కకు పిలిచి, ఎందుకు కుదరదో కొలతలతో సహా వివరించు. అతను ఎదురు ప్రశ్న వేస్తే నిలబడి పూర్తిగా విను.

ఇట్లు,
మామయ్య