శుక్రవారం ఆయన పక్కన ఎవరుంటున్నారు?

మా ఆయనకు రెండేళ్ల క్రితం రెండు కిడ్నీలూ పాడయ్యాయి. సోమ, బుధ, శుక్రవారాలు గుంటూరులో డయాలసిస్. మరిది కొడుకు బైక్ మీద దించి వస్తాడు. ఒకప్పుడు మా చర్చిలో డోలక్ ఆయనే వాయించేవారు. ఇప్పుడు చర్చికి రారు, నాతోనూ సరిగా మాట్లాడరు. నేను మాత్రం శుక్రవారం ఉపవాస కూడిక, నెలకోసారి ఆల్ నైట్ ప్రేయర్ మానలేదు. అయినా జవాబు రావడం లేదు. ఆయన అవిశ్వాసమే అడ్డు పడుతోందని మా ఆడబిడ్డ అంటోంది. నా విశ్వాసం జారిపోతుందేమోనని టెన్షన్‌గా ఉంది. నలభై రోజులు ఉపవాసం పట్టమంటారా?
– ఒక సోదరి, తెనాలి దగ్గర

ఉపవాసం వద్దమ్మా. ఆ ప్రశ్నకు ఇంతకు మించి జవాబు లేదు.

మీ ఉత్తరం మూడుసార్లు చదివాను. మీరు ఏం చేస్తున్నారో వివరంగా రాశారు. ఆయన ఏం తింటున్నారు, రాత్రి నిద్ర పడుతోందా, దేనికి భయపడుతున్నారు అన్నది ఒక్క ముక్క లేదు. శుక్రవారం మీరు కూడికలో మోకరించి ఉన్న వేళకి ఆయన చేతికి రెండు సూదులతో మిషన్ పక్కన దాదాపు నాలుగు గంటలు పడుకుని ఉంటారు. పిల్లవాడు దించి వచ్చేస్తాడు. మరి ఆయన పక్కన ఎవరున్నట్టు?

మీ విశ్వాసానికి ఏమీ కాలేదు. పలచబడింది మీ ఇద్దరి మధ్య మాట.

బైబిల్లో ఆస్తి, పిల్లలు, ఆరోగ్యం అన్నీ పోగొట్టుకున్న యోబు దగ్గరికి వచ్చిన ముగ్గురు స్నేహితులు మొదట ఏడు రాత్రింబగళ్లు నోరు మెదపకుండా నేల మీద ఆయనతో కూర్చున్నారు. వాళ్లు చేసిన మేలు అంతవరకే. ఆ తర్వాత నీ తప్పు వల్లే ఇదంతా అని మొదలుపెట్టారు. చివరి అధ్యాయంలో దేవుడు వాళ్ల మీదే కోప్పడ్డాడు. మీ ఆడబిడ్డ ఇప్పుడు అంటున్నది సరిగ్గా ఆ మాటే. తనతో తిరిగిన త్రోఫిమును జబ్బుతోనే మిలేతు ఊళ్లో వదిలి వచ్చానని అపొస్తలుడైన పౌలు తిమోతికి రాశాడు. పౌలుకు విశ్వాసం చాలలేదని ఎవరైనా అంటారా?

మా నాన్న పక్షవాతంతో ఏడాదిన్నర మంచంలో ఉన్నారు. వచ్చినవాళ్లంతా తల మీద చెయ్యి పెట్టి, దాచిన పాపం ఏమైనా ఉంటే ఒప్పుకోండి అనేవాళ్లు. మాట పడిపోయిన మనిషి ఏం ఒప్పుకుంటాడు? కళ్లు మూసుకుని అటు తిరిగేవారు. మా సంఘంలోని ఒక ముసలామె మాత్రం రెండు వారాలకోసారి వచ్చి, ఆయన పాదం ఒళ్లో పెట్టుకుని ఒక్కో వేలికీ గోరు తీసి, అరికాళ్లకు కొబ్బరినూనె రాసి వెళ్లేది. ఆమె వెళ్లాక నాన్న ఆడే చెయ్యి గుండె మీద పెట్టుకుని పెదాలు కదిపేవారు. ఆ దృశ్యం నేను మరిచిపోలేను.

భర్తను వదిలి దేవుడికి దగ్గరవుదామనుకోవడం నేను ఒప్పుకోను. తల్లిదండ్రులకు చెందాల్సినదాన్ని కొర్బాను, అంటే దేవుడికి అర్పించేశాం, అని చెప్పి చేతులు దులుపుకునేవాళ్లను యేసు ఎలా నిలదీశాడో మార్కు ఏడో అధ్యాయంలో చూడండి. మీరు చేతులు దులుపుకున్నారని కాదు. మీకు భయం. ఆయన మొహం చూస్తే ఆ భయం ఎదురుగా నిలబడుతుంది, కూడికలో అందరూ ఆమెన్ అంటుంటే కాసేపు తగ్గుతుంది. ఈ రెండేళ్లూ మిమ్మల్ని నిలబెట్టింది ఆ కూడికే కావచ్చు, కాదనను. ఆదివారం ఆరాధన మానకండి. శుక్రవారం మాత్రం ఆయనతో గుంటూరు వెళ్లండి. దేవుడు కోరే ఉపవాసం ఏదో యెషయా 58లో ఉంది. సొంతవాళ్లకు మొహం చాటేయకపోవడం కూడా అందులో ఒకటి.

వెళ్లి ఆయనకు వాక్యం చెప్పకండి. మిషన్ ఎక్కించే ముందు బరువు చూస్తారు, ఎంత పెరిగారో మీరూ తెలుసుకోండి. రోజుకు ఎన్ని నీళ్లు తాగొచ్చో నర్సును అడగండి. నలభై రోజులు ఏదో ఒకటి మానాలని మనసు పీకుతుంటే, ఆవకాయ జాడీ లోపల పెట్టేసి ఆయనకు వండే చప్పిడి కూరే మీరూ తినండి. మీ ఉత్తరంలో పింఛను మాట లేదు. డయాలసిస్ చేయించుకుంటున్నవాళ్లకు మన రాష్ట్రంలో నెలకు 10,000 రూపాయలు ఇస్తున్నారు. రాకపోతే ఈ వారమే సచివాలయానికి వెళ్లండి.

ఆయన చర్చికి రాకపోవడం అవిశ్వాసమని ఎవరు తేల్చారు? ఫిస్టులా వేసిన, అంటే డయాలసిస్ సూదుల కోసం ఆపరేషన్ చేసి రక్తనాళాలు కలిపిన చేత్తో డోలక్ వాయించడం కష్టం. ఇన్నేళ్లు తను కూర్చున్న చోట ఇంకొకరు వాయిస్తుంటే వెనక బెంచీలో కూర్చుని వినాలంటే ప్రాణం ఎలా ఉంటుందో ఆలోచించారా? 88వ కీర్తన చీకటి దగ్గరే ఆగిపోతుంది, ఓదార్పు మాట ఒక్కటీ లేకుండా. అయినా అది బైబిల్లోనే ఉంది. ఆయన మౌనాన్నీ అలాగే ఉండనివ్వండి.

ఆ డోలక్ ఇప్పుడు ఎక్కడుంది? అటక మీద ఉంటే దింపి దుమ్ము దులపండి. చెయ్యి ఆడకపోయినా తాళం చెప్పగలరు కదా. మీ మరిది కొడుక్కి నేర్పుతారేమో ఆయన్నే అడగండి.